నగరాల నివాసయోగ్యతకు కొలమానం ఏది?
వైతికుప్పం తీరం నేర్పుతున్న పాఠం

ఏ ఊరు నివసించదగినది, ఏ ఊరు కాదు అనే విచారణ మన తెలుగువారికి కొత్త కాదు. అప్పు ఇచ్చేవాడు, వైద్యుడు, విప్రుడు, ఏడాది పొడవునా నీరుండే ఏరు ఉన్న ఊరిలోనే కాపురముండాలని, ఇవి లేని ఊరి పొలిమేర తొక్కవద్దని సుమతీ శతకకారుడు ఏనాడో నిర్దేశించాడు. నేటి పరిభాషలో చెప్పాలంటే అది నాలుగు అంశాల నివాసయోగ్యతా సూచీ. జాగ్రత్తగా గమనిస్తే ఆ నాలుగింటిలో మూడు మనుషులు చేసే సేవలకు సంబంధించినవి. నాలుగవది మాత్రం ప్రకృతి ఇచ్చిన నిధికి సంబంధించినది. ఏరు ఉంటే చాలదు, అది ఎండకుండా ఉండాలి. ఆ ఒక్క షరతులోనే ఈనాడు ప్రపంచమంతా 'సుస్థిరత' అని పిలుచుకుంటున్న భావన ఇమిడి ఉంది.

నివాసయోగ్యత వేరు, సుస్థిరత వేరు. ఈ రోజు ఇక్కడ జీవితం ఎంత సుఖంగా ఉన్నదో మొదటిది తెలుపుతుంది. ఈ సుఖం రేపటికి మిగులుతుందా, దీనికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అని రెండవది ప్రశ్నిస్తుంది. భవిష్య నిధి నుండి నెలనెలా సొమ్ము తీసి ఇల్లు నడిపే ఉద్యోగి సంసారం చూపరులకు ఎంతో వైభవంగా కనిపించవచ్చు. కాని పదవీ విరమణ నాటికి పాసుపుస్తకం తెరిచి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. నగరాల విషయమూ అంతే.

సూచీల పుట్టుక

నగరాలను అంకెలతో తూచే ప్రయత్నం గత నాలుగు దశాబ్దాలలో బలం పుంజుకుంది. రాబోయే తరాల అవసరాలకు భంగం కలగకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిరాభివృద్ధి అని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ నిర్వచించింది. 1990లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో విలియం రీస్, మాథిస్ వాకర్‌నాగెల్ అనే పరిశోధకులు 'పర్యావరణ పాదముద్ర' అనే లెక్కను రూపొందించారు. ఒక నగరం తినే తిండికి, కాల్చే ఇంధనానికి, వదిలే వ్యర్థానికి ఎంత భూమి, ఎంత నీరు అవసరమో అది లెక్కగడుతుంది. ఆ లెక్క ప్రకారం చూస్తే ఏ మహానగరమూ తన సరిహద్దులలో తాను బ్రతకడం లేదు. తన విస్తీర్ణానికి ఎన్నో రెట్ల నేల మీద ఆధారపడుతున్నది.

2014లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ నగర సేవలకు, జీవన నాణ్యతకు ఐఎస్ఓ 37120 అనే ప్రమాణాన్ని వెలువరించింది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలలో పదకొండవది నగరాలకే కేటాయించబడింది. మన కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2018 ఆగస్టులో 111 నగరాలకు 'ఈజ్ ఆఫ్ లివింగ్' సూచీని ప్రకటించింది. అందులో 78 సూచికలు ఉన్నాయి. పుణె ప్రథమ స్థానంలో నిలువగా, మన తిరుపతి నాలుగవ స్థానాన్ని, విజయవాడ తొమ్మిదవ స్థానాన్ని అందుకున్నాయి.

తరువాతి సూచీ 2020 సంవత్సరానికి సంబంధించినది. అది 2021 మార్చిలో వెలువడింది. ఈసారి సూచికలు 49. నూటికి 35 మార్కులు జీవన నాణ్యతకు, 15 ఆర్థిక శక్తికి, 20 సుస్థిరతకు కేటాయించి, మిగిలిన 30 మార్కులను పౌరుల అభిప్రాయ సేకరణకు వదిలారు. 32 లక్షలకు పైగా పౌరులు అందులో పాల్గొన్నారు. పది లక్షలకు మించిన జనాభా గల 49 నగరాల పట్టికలో బెంగళూరు మొదటిది కాగా, విశాఖపట్నానికి 15వ స్థానం, విజయవాడకు 41వ స్థానం దక్కాయి. పది లక్షల లోపు నగరాలలో సిమ్లా ప్రథమ స్థానంలో, కాకినాడ నాలుగవ స్థానంలో నిలిచాయి.

తొమ్మిదవ స్థానంలో ఉన్న విజయవాడ రెండేళ్లలో నలభై ఒకటవ స్థానానికి జారినంత మాత్రాన కృష్ణా తీరాన జీవనం అంతగా దిగజారిందని భావించడం సరికాదు. ఊరు మారిన దానికంటె కొలబద్ద మారినది ఎక్కువ. పోల్చిన నగరాల పట్టికా మారింది. అందువలన ఏ సూచీని చూసినా స్థానం ఎంత అని అడగడానికి ముందు, ఏమి కొలిచారు, ఎక్కడ నిలబడి కొలిచారు, ఏమి వదిలివేశారు అని అడగడం వివేకం. ఈ మూడు ప్రశ్నలకూ సమాధానం వెదకడానికి పుదుచ్చేరి పట్టణంలోని వైతికుప్పం అనే చిన్న పేటను మించిన పాఠశాల అరుదు.

కొలబద్దకు అందని తీరం

పుదుచ్చేరి అనగానే మనకు స్ఫురించేది ఫ్రెంచివారు తీర్చిన తిన్నని వీధులు, పసుపు పచ్చని గోడలు, సముద్రతీర విహార మార్గం, గాంధీ విగ్రహం. తెలుగువారికి ఆ ప్రాంతంతో పాలనాపరమైన బంధుత్వం కూడ ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న మన యానాం ఆ కేంద్రపాలిత ప్రాంతంలో భాగమే. 2017లో పుదుచ్చేరి స్మార్ట్ సిటీ పథకానికి ఎంపికైంది.

ఆ విహార మార్గం దాటి ఒడ్డు వెంబడి ఉత్తరంగా సాగితే కురుచికుప్పం, ఆ పిదప వైతికుప్పం, తరువాత సోలైనగర్ వస్తాయి. తమిళ తీరంలో 'కుప్పం' అంటే కడలి ఒడ్డున వెలసిన మత్స్యకారుల పల్లె. వైతికుప్పానికి ఆ ప్రాంతంలో ఒక విశిష్టత ఉంది. తమిళుల మాసి నెలలో మఖా నక్షత్రం నాడు జరిగే 'మాసి మగం' పర్వదినాన పుదుచ్చేరి నుండి, పొరుగు తమిళనాడు ఊళ్ల నుండి దేవతామూర్తులను పల్లకీలలో, వాహనాలపై ఈ తీరానికే తరలిస్తారు. సముద్ర స్నానానంతరం భక్తులు ఆ మూర్తులన్నింటినీ ఒకేచోట దర్శించుకుంటారు. మతభేదం లేకుండా ఊరంతా ఆ వేడుకలో పాలుపంచుకుంటుంది.

పల్లకి దించడానికి ఒడ్డున నేల కావాలి. పడవ లాగడానికి, వల ఆరవేయడానికి, చినిగిన కన్నులు కట్టుకోవడానికి, చేపలు ఎండబెట్టడానికి కూడ ఆ నేలే కావాలి. మత్స్యకారుని ఇసుక తిన్నె రైతు కళ్లం వంటిది. అది పోతే పంట చేతికి వచ్చినా దించుకునే చోటు ఉండదు. వైతికుప్పం తీరంలో కరిగిపోయినది సరిగా అదే.

ఇసుక ఎందుకు పోయింది?

సముద్రపు ఒడ్డున ఇసుక కదలకుండా పడి ఉండదు. ఒక నదిలా నిరంతరం ప్రవహిస్తూ ఉంటుంది. మన తూర్పు తీరాన నైరుతి ఋతుపవన కాలంలో దక్షిణం నుండి వచ్చే అలలు ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య ఋతుపవన కాలంలో అది తిరిగి దక్షిణానికి కదులుతుంది. ఏడాది మొత్తం జమాఖర్చులు చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఒడ్డున ఏ బిందువు దగ్గరైనా, వచ్చే ఇసుక పోయే ఇసుకతో సమానంగా ఉన్నంతకాలం తీరం స్థిరంగా ఉంటుంది.

1980ల చివరి భాగంలో పట్టణానికి దక్షిణాన అరియాంకుప్పం నదీముఖం వద్ద రేవును నిర్మించి, ముఖద్వారం పూడిపోకుండా సముద్రంలోకి రెండు రాతి గోడలు చొప్పించారు. అలలను ఆపే ఆ గోడలు ఇసుక ప్రవాహాన్ని కూడ ఆపాయి. గోడలకు దక్షిణ పార్శ్వాన ఇసుక మేట వేసింది. ఉత్తర పార్శ్వాన అలలు ఎప్పటివలె ఇసుకను మోసుకుపోయాయి గాని, దాని స్థానంలో కొత్త ఇసుక రాలేదు. మేట వేసిన ఇసుకను యంత్రాలతో ఉత్తరానికి దాటించే ఆలోచన ప్రణాళికలో ఉన్నప్పటికీ, అది నిరంతరాయంగా సాగలేదు. కొన్ని సంవత్సరాలలో పట్టణపు ఇసుక తీరం అదృశ్యమైంది. దాని స్థానంలో బండరాళ్లు పేర్చారు. రాళ్లు పేర్చిన చోట కోత ఆగింది గాని, ఆకలిగొన్న అలలు తమ పనిని మరికొంత ఉత్తరానికి మార్చుకున్నాయి. కురుచికుప్పం, వైతికుప్పం, సోలైనగర్, ఆపైన తమిళనాడు సరిహద్దులోని మత్స్యకార గ్రామాలు వరుసగా ఆ దెబ్బకు గురి అయ్యాయి.

ఇది ఒక్క పుదుచ్చేరి కథ కాదు. పంతొమ్మిదవ శతాబ్దం చివర మద్రాసు రేవును నిర్మించినప్పుడు దక్షిణాన ఇసుక చేరి మెరీనా బీచి విశాలమైంది, ఉత్తరాన రాయపురం ప్రాంతం కోతకు గురైంది. ఒకే గోడ ఒకరికి విహారస్థలాన్ని, మరొకరికి నిర్వాసాన్ని ప్రసాదించింది.

ఇప్పుడు సూచీల సంగతి ఆలోచించండి. తలసరి నీరు, మరుగుదొడ్లు, వీధి దీపాలు, ఆసుపత్రి పడకలు అన్నీ లెక్కకు వస్తాయి. ఊరి అంచున కరిగిపోయిన ఇసుక తిన్నె ఏ గడిలోకి వస్తుంది? తీరంలో రాళ్లు పేర్చడానికి వెచ్చించిన ధనం సైతం పట్టణాభివృద్ధి వ్యయంగానే కనిపిస్తుంది. నష్టపోయిన ఆస్తి మాత్రం ఏ పద్దులోనూ కనిపించదు.

కొలిచినవారు ఏమి కనుగొన్నారు?

కొలవడం అసాధ్యమేమీ కాదు. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం ఉపగ్రహ చిత్రాల సాయంతో 1990 నుండి 2018 వరకు మన దేశ ప్రధాన భూభాగపు తీరరేఖలో వచ్చిన మార్పులను గణించింది. దేశం మొత్తం మీద 33.6 శాతం తీరం కోతకు గురైందని, 26.9 శాతం మేట వేసిందని, 39.6 శాతం స్థిరంగా ఉన్నదని ఆ అధ్యయనం తేల్చింది. ఆంధ్రప్రదేశ్ తీరంలో కోత 28.7 శాతం కాగా, పుదుచ్చేరికి చెందిన 41.66 కిలోమీటర్ల తీరంలో 56.2 శాతం కోతకు గురైనట్లు తేలింది. పుదుచ్చేరి కంటె ఎక్కువ శాతం కోల్పోయినది పశ్చిమ బెంగాల్ ఒక్కటే. ఇది సేవల లెక్క కాదు, నిధి లెక్క. ఇటువంటి అంకె ఒకటి నగర సూచీ పక్కన నిలబడితే చిత్రం పరిపూర్ణమవుతుంది.

కొలిచినందువల్ల పరిష్కారమూ సాధ్యమైంది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నిపుణులు అలల తీరును అధ్యయనం చేసి, నగర తీరానికి ఎదురుగా సముద్రంలో నీట మునిగి ఉండే ఉక్కు దిబ్బను 2018లో నెలకొల్పారు. అది అలల ఉద్ధృతిని తగ్గించి ఇసుక నిలిచేటట్లు చేస్తుంది. రేవు ముఖద్వారంలో తవ్విన ఇసుకను కూడ తీరానికి చేర్చారు. దశాబ్దాలుగా బండరాళ్లు తప్ప మరేమీ కనిపించని గాంధీ విగ్రహ పరిసరాలలో మళ్లీ ఇసుక తీరం వెలసింది. పట్టణవాసుల పిల్లలు తమ తాతలు చెప్పిన ఇసుకను కాళ్లతో తొక్కారు. మన దేశపు ఇంజనీర్ల ప్రతిభకు ఇది గర్వించదగిన నిదర్శనం.

అయితే ఇక్కడ కూడ 'ఎక్కడ నిలబడి కొలిచారు' అనే ప్రశ్న వెన్నాడుతూనే ఉంటుంది. పర్యాటకులు నడిచే చోట ఇసుక చేరడం ఒక విజయం. ఆ ప్రవాహం ఉత్తరంగా వైతికుప్పం వరకు, దానిని దాటి పొరుగు రాష్ట్రపు గ్రామాల వరకు చేరినప్పుడే విజయం సంపూర్ణం. 2021లో పుదుచ్చేరిలోని ఈడెన్ బీచికి అంతర్జాతీయ 'బ్లూ ఫ్లాగ్' గుర్తింపు లభించింది. పరిశుభ్రత, నీటి స్వచ్ఛత, భద్రత వంటి 33 అంశాలు పరిశీలించి ఇచ్చే గుర్తింపు అది. ఆ బీచి రేవుకు దక్షిణాన ఉంది, వైతికుప్పం ఉత్తరాన ఉంది. గుర్తింపు న్యాయమైనదే, కాని అది ఒక తునక తీరానికి లభించిన యోగ్యతాపత్రమే గాని మొత్తం తీరానికి కాదు.

కంటికి కనిపించని మరొక నిధి

ఇసుక పోవడం కంటికి కనిపిస్తుంది. భూగర్భజలం పోవడం కనిపించదు. పుదుచ్చేరి పట్టణం దాహార్తికి ఆధారం భూగర్భజలమే. పంతొమ్మిదవ శతాబ్దంలో ముత్తిరపాళయం నుండి పట్టణానికి మంచినీరు తెచ్చిన సందర్భానికి గుర్తుగా, మూడవ నెపోలియన్ కాలంలో ఆయి మండపాన్ని నిర్మించారు. ప్రజలకు నీటి వసతి కల్పించడం కోసం తన భవనాన్ని కూల్చి చెరువు తవ్వించిన ఆయి అనే వనిత పేరు దానికి పెట్టారని చెబుతారు. పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నంలో నేటికీ ఆ మండపమే కనిపిస్తుంది. నీటికి గుడి కట్టి చిహ్నంగా నిలుపుకున్న ఊరు అది.

తీరప్రాంతపు భూగర్భంలో మంచినీరు బరువైన ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు ఎత్తున మంచినీరు ఉంటే, దాని క్రింద సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుందని శాస్త్ర సూత్రం. ఈ లెక్కను తిరగవేస్తే భయం కలుగుతుంది. విచ్చలవిడిగా తోడి పై మట్టాన్ని ఒక మీటరు తగ్గిస్తే, క్రింద ఉప్పునీరు 40 మీటర్లు పైకి జరగడానికి అవకాశం ఏర్పడుతుంది. మంచినీటి సరఫరా రోజుకు ఎన్ని గంటలు అని లెక్కించే సూచికకు ఈ ప్రమాదం తెలియదు. ఎక్కువ తోడిన ఊరికే ఎక్కువ మార్కులు పడే అవకాశం కూడ ఉంది! భవిష్య నిధి నుండి సొమ్ము తీసి సంసారం నడపడమంటే ఇదే.

మూడు ప్రశ్నలు

వైతికుప్పం పాఠాన్ని మూడు ప్రశ్నలుగా కుదించవచ్చు. ఏ నగర సూచీనైనా వీటితో పరీక్షించవచ్చు.

మొదటిది: ఈ సుఖం వడ్డీతో గడుస్తున్నదా, అసలుతో గడుస్తున్నదా? నీరు, ఇసుక, చెట్టు, గాలి అనే మూలధనం ఏడాదికేడాది పెరుగుతున్నదో తరుగుతున్నదో చూపని సూచీ అసంపూర్ణం.

రెండవది: సగటు వెనుక ఎవరు దాగి ఉన్నారు? పట్టణం సగటున ఎంత బాగున్నా, అంచున ఉన్న పేటలో పరిస్థితి ఏమిటి? నగరాన్ని దాని నడిబొడ్డున గాక, నష్టం వాటిల్లే చోట నిలబడి కొలవాలి.

మూడవది: సరిహద్దు అవతల ఏమి పడుతున్నది? నగర పాలక సంస్థకు ఎల్లలు ఉంటాయి గాని అలకు, పొగకు, మురుగు కాలువకు ఎల్లలు లేవు.

ఈ మూడవ ప్రశ్న మన తీరానికీ వర్తిస్తుంది. నివాసయోగ్యతలో నాలుగవ స్థానం పొందిన కాకినాడకు కొద్ది దూరంలోనే, జాందానీ చీరలకు పేరెన్నికగన్న ఉప్పాడ తీరం ఏళ్ల తరబడి కోతకు గురవుతున్నది. ఇళ్లు, తీరపు రహదారి కడలి పాలైన ఉదంతాలు పత్రికలలో చదువుతూనే ఉన్నాము. నగర సూచీ నగరం ఎల్ల దగ్గరే ఆగుతుంది. కెరటం ఆగదు.

విశాఖపట్నం మరొక విధమైన ఉదాహరణ. 1976లో అక్కడ బయటి రేవు ప్రారంభమైంది. ఇసుక ప్రవాహానికి అడ్డు ఏర్పడుతుందని గుర్తించి, ఒకచోట చేరిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి నగర తీరానికి పంపే ఆనవాయితీ ఏర్పడింది. రామకృష్ణా బీచి నిలిచి ఉండడానికి ఆ పని ఎంతో తోడ్పడింది. అయినా కోత సమస్య పూర్తిగా తీరలేదు. రేవు నిర్మాణం తప్పు కాదు. రేవులు లేనిదే పరిశ్రమలు లేవు, పరిశ్రమలు లేనిదే మన ఉద్యోగాలూ లేవు. నిర్మాణంతో పాటు దాని పర్యవసానాన్ని కూడ నిత్య నిర్వహణలో భాగంగా స్వీకరించడమే కర్తవ్యం. యంత్రాన్ని బిగించి, దాని మరమ్మతు పద్దును బడ్జెట్‌లో చేర్చని ఇంజనీరును మనము సమర్థుడని అనము గదా!

మన ముంగిట లెక్క

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నగరాల లెక్క ప్రభుత్వాలు చూసుకుంటాయి. మన క్వార్టరు లెక్క, మన టౌన్‌షిప్పు లెక్క మనమే చూసుకోవాలి. దీనికి పెద్ద చదువు అక్కరలేదు.

నగరాలలో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు ప్రమాణంగా భావిస్తారు. ఆ లెక్కన నలుగురున్న కుటుంబానికి రోజుకు 540 లీటర్లు, సంవత్సరానికి 1,97,100 లీటర్లు కావాలి. ఇక రాబడి చూద్దాము. 100 చదరపు మీటర్ల డాబాపై ఏడాదిలో 1,300 మిల్లీమీటర్ల వర్షం కురిస్తే 1,30,000 లీటర్ల నీరు వస్తుంది. అందులో 80 శాతం ఇంకుడు గుంటకు చేర్చగలిగినా 1,04,000 లీటర్లు. అంటే కుటుంబం ఏడాదిలో వాడే నీటిలో సగానికి పైగా తిరిగి భూమికి జమ చేసినట్లే. వర్షపాతం తక్కువైన చోట, పలు అంతస్తుల క్వార్టర్లలో ఈ నిష్పత్తి తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్క వేసుకోవడమే మొదటి మెట్టు.

మహిళా సమాజం వారు, పాఠశాల బాలబాలికలు, సంక్షేమ సంఘాలు కలిసి ఏడాదికి ఒకసారి నాలుగు అంకెలు నమోదు చేయవచ్చు: వేసవిలో బావి నీటిమట్టం, కాలనీలో బ్రతికి ఉన్న చెట్ల సంఖ్య, కాలనీ గేటు దాటి బయటకు పోయే చెత్త బరువు, ఆ చెత్త చేరే చోట నివసించే ప్రజల మాట. మొదటి రెండూ మన మూలధనాన్ని తెలుపుతాయి. తరువాతి రెండూ మన సుఖానికి మూల్యం చెల్లిస్తున్నవారిని గుర్తు చేస్తాయి. నాలుగవ అంకె సేకరించడం కొంత కష్టం. గేటు దాటి వెళ్లి, ఆ చెత్త కుప్ప పక్కన కాపురముంటున్న వారితో మాట్లాడవలసి వస్తుంది. కాని సూచీలకు ప్రాణం పోసేది అదే.

ఏటా మాసి మగం నాడు వైతికుప్పం ఒడ్డున పల్లకీలు దిగుతున్నప్పుడు, అక్కడ వాటిని మోసుకువచ్చినవారి పాదాల క్రింద ఎంత ఇసుక ఉన్నదన్న విషయం ఏ నివేదికలోనూ అచ్చు కాకపోవచ్చు. ఒక నగరం తన అత్యంత బలహీనుడైన పౌరుని కాలి క్రింది నేలను ఎంతవరకు కాపాడగలిగిందో చెప్పే కొలత మాత్రం అదే. ఆ కొలతకు తలవంచిన నగరమే చిరకాలం నివాసయోగ్యంగా నిలుస్తుంది.